ప్రోగ్రాం మింగని ఏనుగు

ఏనుగు ఏ ప్రోగ్రాంనూ మింగలేదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. చివర్న రాద్దామని మొదలుపెట్టిన రెండుసార్లూ మధ్యలోనే ఆపేశాను కాబట్టి.

పోయిన నెల ఒక ఉదయం మా పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. "మన మెంతులాయన పోయారు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట." దాని కింద నమస్కారాల బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో రాశారు: "పాపం, ప్రోగ్రాంను ఏనుగుకు మేపిన మహానుభావుడు." ఇంకొకరు: "ఆ తొమ్మిది రోజులు మాత్రం జన్మలో మర్చిపోలేం." ఆ పైన నవ్వుతూ కన్నీళ్ళు కార్చే పసుపు మొహాలు పదో పన్నెండో. అందులో వెటకారం లేదు. ఆయనంటే అందరికీ ఇష్టమే. ఆయన్ని గుర్తుపెట్టుకోవడానికి వాళ్ళ దగ్గరున్న కథ అదొక్కటే. అది అబద్ధమని తెలిసినవాళ్ళం ఇన్నాళ్ళూ ఇద్దరం ఉండేవాళ్ళం. ఆ ఉదయంతో నేనొక్కణ్ణే మిగిలాను.

ఆయన వేళ్ళు ఎప్పుడూ మెంతుల వాసన వేసేవి. పక్కన కూర్చుంటే వంటింట్లో కూర్చున్నట్టుండేది. కీబోర్డుకు కూడా ఆ వాసన పట్టేసింది. ఆయన సెలవు పెట్టిన రోజు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు పదకొండు కాకుండానే "నాకెందుకో ఆకలేస్తోంది" అని లేచిపోయేవాడు.

అది తొంభై ఎనిమిది. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం అప్పుడే లేచింది. మా ఆఫీసు అందులో కాదు, దానికి ఇవతల ఇంకా రంగు వెయ్యని మూడంతస్తుల మేడలో. చుట్టూ బండలు. మధ్యాహ్నం ఒంటిగంటకు వాటిని పేల్చేవాళ్ళు. పేల్చే ముందు ఈల ఊదేవాళ్ళు. ఈల వినగానే మేమంతా చేస్తున్న పని సేవ్ చేసి, మానిటర్లను రెండు చేతులా పట్టుకునేవాళ్ళం. ఆయన మానిటర్‌ను దాని మానాన వదిలేసి, కిటికీ గట్టు మీద ఆరబెట్టిన బొమ్మల్ని పట్టుకునేవాడు.

మేం చేసే పని చెప్పుకోవడానికి గొప్పది కాదు. ఎక్కడో విదేశంలో ఒక బీమా కంపెనీ వాళ్ళ పాత ప్రోగ్రాంలు మా దగ్గరికొచ్చేవి. వాటిలో సంవత్సరానికి రెండంకెలే చోటిచ్చారు. రెండువేల సంవత్సరం రాగానే ఆ రెండంకెలూ సున్నాలై లెక్కలన్నీ తలకిందులవుతాయని భయం. ప్రోగ్రాంను పొడవాటి మడతల కాగితం మీద అచ్చు తీసి, సంవత్సరం ఎక్కడెక్కడ దాక్కుందో వెతికి, ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. అన్నీ దొరికాక కంప్యూటర్‌లో దిద్దాలి. రోజుకు పది గంటలు రెండంకెల కోసం వెతికే మనిషి చేతులు ఇంకేదో అడుగుతాయి. అందుకేనేమో మా అంతస్తులో ఏదో ఒక పిచ్చి లేనివాడు తక్కువ. నెల్లూరు నుంచి వచ్చిన నా స్నేహితుడు జనరేటర్ గదిలో నిలబడి వేణువు ఊదేవాడు. ఆ మోతలో ఎవరికీ వినపడేది కాదు. అతనికీ వినపడేది కాదు, అందుకే అంత ధైర్యంగా ఊదేవాడు. నేను చుక్కలూ ఎక్స్‌లూ పేర్చి ప్రింటర్ మీద బొమ్మలు తీసేవాణ్ణి. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే నెమలి, దగ్గరికొస్తే ఏమీ లేదు.

ఆయన నా నెమలిని రెండు దూరాల నుంచీ చూసి, "మంచిగున్నది తమ్మీ. పట్టుకుందామంటేనే చేతికి రాదు" అన్నాడు.

ఆయనది కాగితపు గుజ్జు. జగిత్యాల అవతల వాళ్ళ ఊళ్ళో వాళ్ళమ్మ పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, మెంతులు కలిపి గంపలూ చాటలూ చేసేదట. మెంతులు కలిపితే పురుగు పట్టదు. "నా చదువు అయిపోయినంక నోటుబుక్కులన్నీ గంపలైనయి. మూడేండ్ల డిగ్రీ ఒక్క గంప. ఇప్పటికీ మా ఇంట్ల ఉల్లిగడ్డలు నా గణితం మీదనే ఉన్నయి" అనేవాడు. ఇంట్లో కాగితానికి కరువు. ఆఫీసులో రోజుకు మూడు పెట్టెల కాగితం చెత్తలోకి పోయేది. దాన్ని చూసినప్పుడు ఆయన మొహం ఎలా ఉండి ఉంటుందో నేను చూడలేదు. నేను చేరేసరికే మెట్ల కింద రెండు బకెట్లూ ఒక రోలూ వెలిశాయి.

నేను చేరిన వారానికి, వయసులో చిన్నవాణ్ణయినా, ఆయనున్న జట్టుకు నన్ను పెద్దను చేశారు. జట్టులో మేం నలుగురం. మొదటి రోజు ఒక పాత అచ్చు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వెయ్యబోతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?"

"చెత్తండి. పాత ప్రింటు."

"చదివినవా?"

"చదవడానికేముందండి, పాతదే కదా."

"పాతదైతే చదవద్దా? ఇటియ్యి."

నిలబడే ఒక్కో పేజీ తిప్పాడు. పెదవులు కదులుతున్నాయి. ఇరవయ్యో పేజీ వెనక ఆగి, ఆ మూల జాగ్రత్తగా చింపి నా చేతిలో పెట్టాడు. కొండాపూర్‌లో కిరాయికి గది ఉందని ఎవరో చెబితే ఆ పొద్దునే నేను రాసుకున్న అడ్రసు అది.

"ఇది గూడ చెత్తేనా? అచ్చు మళ్ళ తీయొచ్చు తమ్మీ. చేతిరాత మళ్ళ రాదు."

అది ఆయన నియమం. చేతిరాత ఉన్న ముక్క ఏదీ బకెట్లో పడేది కాదు. మెట్ల కింద మేకుకు ఒక గుడ్డసంచి వేలాడేది. దొరికిన ముక్కలన్నీ అందులో వేసేవాడు, పోగొట్టుకున్నవాళ్ళు వెళ్ళి వెతుక్కునేవాళ్ళు. చాకలి పద్దులు, ఫోన్ నంబర్లు, ఎవరికో ఇవ్వని ఉత్తరాలు. మా మేనేజర్ రాసి, మనసు మార్చుకుని నలిపేసిన రాజీనామా కూడా ఆ సంచిలోంచే మడత విప్పి ఆయనకు తిరిగి చేరింది. ఈ సంగతి చాలా ఏళ్ళకు మేనేజరే చెప్పాడు. మెంతులాయన మాత్రం ఎవరి దగ్గరా అనలేదు.

ఇంకో అలవాటు ఉండేది. బొమ్మ ఆరిందో లేదో వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. తడి ఉంటే ఒక చప్పుడు, ఆరితే ఒక చప్పుడు. "ఆరలే" అని మళ్ళీ గట్టు మీద పెట్టేసేవాడు. ప్రోగ్రాం విషయంలోనూ అదే మాట.

"అయిందా?" అని మేనేజర్ అడిగితే, "ఆరలే సార్ ఇంక" అనేవాడు.

"ఆరడమేమిటయ్యా, అది ప్రోగ్రాం."

"తడి మీద రంగేస్తే పెచ్చులూడుతది సార్."

మేనేజర్ తల పట్టుకునేవాడు కానీ గట్టిగా ఏమీ అనేవాడు కాదు. మిగతా వాళ్ళ ప్రోగ్రాంలు తప్పులతో రెండుసార్లు తిరిగొచ్చేవి. ఆయనవి వచ్చేవి కావు.

ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. అప్పటికి నలభై దగ్గర పడుతున్నాయి. పర్మనెంట్ చేస్తారని ఎదురుచూస్తున్నాడు. నేను ఆయన గురించి మంచిగా రాసి పైకి పంపాను. ఒకరోజు టీ తాగుతూ అడిగాను, పర్మనెంట్ అయితే ఏం చేస్తారండీ అని. ఇల్లు కొంటాననో పిల్లల చదువులనో అంటాడనుకున్నాను.

"మెట్ల కింద జాగ అడుగుత" అన్నాడు. "ఒక తలుపు, ఒక నల్లా. కాంట్రాక్టోడు నల్లా అడిగితే నవ్వుతరు."

ఆ ఏడు ఆషాఢంలో మేనేజర్‌కు ఒక ఆలోచన వచ్చింది. దసరా తర్వాత బీమా కంపెనీ పెద్దాయన వస్తున్నాడు, ముందు గదిలో ఏదైనా పెద్ద బొమ్మ పెడితే బాగుంటుందని. మెంతులాయన ఏనుగు మొదలుపెట్టాడు. కడుపుకు బోర్లించిన కుండ. కాళ్ళకు కంప్యూటర్లు వచ్చిన అట్టపెట్టెలు చుట్టాడు. ప్రింటర్ కాగితానికి రెండు పక్కలా రంధ్రాల పట్టీలుంటాయి కదా, అవి జడలాగా అల్లి తోక చేశాడు, మెడలో గంటల పట్టెడ చేశాడు. మిగిలిందంతా గుజ్జు. పొర మీద పొర, ఒకటి ఆరాక ఇంకొకటి. వానాకాలం కావడంతో ఆరేది కాదు. ఏసీ వేడిగాలి వదిలే గోడవైపుకు దాన్ని రోజూ కాస్త కాస్త తిప్పేవాడు. మేమంతా ఎవరి పని మీద వాళ్ళం వెళ్తూ దాని నుదురు తట్టి వెళ్ళేవాళ్ళం. ఆ మూడు నెలలూ ఆ ఆఫీసులో ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు చెప్పినా నమ్మరు.

ఇక ప్రోగ్రాం సంగతి.

కొండాపూర్‌లో నేనుండే ఇంటి ఓనరమ్మకు ప్రతి శుక్రవారం ఒక కట్ట పాత కాగితం తీసుకెళ్ళేవాణ్ణి. మెంతులాయనే చదివి, గుజ్జుకు పనికిరాని పల్చటిది నాకోసం పక్కన పెట్టేవాడు. ఆమె వంటింటి అరల్లో పరుచుకునేది, నీళ్ళ పొయ్యి రాజేసేది. పాత చెత్త గేటు దాటితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. పని జరుగుతున్న కాగితం దాటితే మాత్రం ఉద్యోగం పోతుంది. ఆ విషయం మాకు రాతపూర్వకంగా ఇచ్చి సంతకాలు తీసుకున్నారు.

ఒక శుక్రవారం నా సంచిలో రెండు కట్టలు పెట్టుకున్నాను. ఒకటి ఓనరమ్మది. రెండోది మా నలుగురం మూడు వారాలుగా ఎర్ర గుర్తులు పెట్టిన అచ్చు. ఆదివారం గదిలో కూర్చుని ఇంకోసారి చూసుకుంటే సోమవారం మేనేజర్ ముందు మెరవొచ్చని నా ఆశ. రెండూ ఒకే ప్రోగ్రాం అచ్చులు, ఒకటి పాతది, ఒకటి కొత్తది. మొదటి పది పేజీల్లో ప్రోగ్రాం పేరూ, ఏ ఫైళ్ళు వాడుతుందో ఆ జాబితాలే ఉంటాయి. సంవత్సరాలు ఆ తర్వాతే వస్తాయి, ఎర్ర గుర్తులూ ఆ తర్వాతే. వానలో తడుస్తూ షేర్ ఆటో దిగి, గుమ్మంలోనే పై కట్ట తీసి ఆమెకిచ్చాను. తిప్పి చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మిగిలిన కట్ట విప్పాను. పదకొండో పేజీ, ఇరవయ్యో పేజీ, నలభయ్యో పేజీ. ఒక్క ఎర్ర గీత లేదు. కిందికి పరిగెత్తాను. వంటింట్లో అరలకు కొత్త కాగితాలు పరిచి ఉన్నాయి. అంచులు కత్తెరతో ముక్కోణాలుగా కత్తిరించి కిందికి వేలాడేసింది. ఊరగాయ జాడీల కింద మా ఎర్ర గుర్తులు తోరణంలా వేలాడుతున్నాయి.

"మిగతావేవమ్మా?"

"నీళ్ళ పొయ్యిల పెట్టిన బిడ్డా. వానకు కట్టెలన్నీ తడిసె. మస్తు మండినయి." ఆమె నా మొహం చూసి మెచ్చుకుంటున్నాననుకుంది. "ఈసారి కాగితం మంచిగున్నది. ఎర్రగీతలు గూడ ఉన్నయి గద, అరలకు కళొచ్చింది."

సోమవారం ఆటోలో ఒక వాక్యం తయారు చేసుకున్నాను. "సార్, తప్పు నాది, కట్ట ఇంటికి తీసుకెళ్ళాను." కొండాపూర్ నుంచి మాదాపూర్ దాకా అదే వల్లించాను. ఆఫీసులో అడుగు పెట్టేసరికే వెతుకులాట మొదలైంది. అలమారాలు తెరుస్తున్నారు, బల్లలు జరుపుతున్నారు. నెల్లూరు స్నేహితుడు నడుం పట్టుకుని లేచి, "ఏనుగు తినేసిందేమోరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేనేజర్ నవ్వలేదు. తిన్నగా మెట్ల కిందికి నడిచాడు. వెనకాలే మేం.

ఏనుగు కడుపు మీద కొత్త పొర అప్పుడే పట్టించి ఉంది, ఇంకా నీరు కారుతోంది.

"ఈ గుజ్జు ఏ కాగితం?"

"పోయిన వారంది సార్."

"అందులో ఆ కట్ట కలిసిందా?"

"నేను చదవకుండ నానబెట్ట సార్."

"మరెక్కడికి పోతుందయ్యా? అలమారాలో లేదు. గేటు దాటలేదు. రెక్కలొచ్చి ఎగిరిందా?"

అప్పుడాయన నావైపు చూశాడు. ఒక్కసారే. నేను ఏనుగు చెవిని చూస్తున్నాను. ఆటోలో అంతసేపు వల్లించిన వాక్యం గొంతులోనే ఉంది. ఆయన కాసేపు ఆగాడు. బకెట్లో చెయ్యి పెట్టి, గుప్పెడు గుజ్జు తీసి పిండి, మళ్ళీ అందులోనే వదిలాడు.

"ఏమో సార్. వానకు ఇది ఆరక పరేషాన్ల ఉన్న. ఒకటో రెండో కట్టలు చూడకుండ పడ్డయో ఏమో."

ఆయనే ఒప్పుకుంటున్నాడు కదా అనుకున్నాను. ఇన్నేళ్ళలో నా గురించి నేను తెలుసుకున్న విషయాల్లో ఇదొకటి: ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు, ఊపిరి ఆడింది.

మూడు వారాల పని తొమ్మిది రోజుల్లో మళ్ళీ చేశాం. చేశాం అంటున్నాను కానీ, సగం ఆయన జ్ఞాపకంలోంచి వచ్చింది. ప్రతి కాగితం చదివే మనిషి కదా. "అరవయ్యో పేజీ దాటినంక పాలసీ ముగిసే తారీఖు ఒకటుండాలె, చూడు తమ్మీ" అనేవాడు. ఉండేది. బకెట్లు బయటికి పోయాయి. రోలు వాచ్‌మన్ పట్టుకెళ్ళాడు. ఏనుగు మాత్రం అప్పటికే దాదాపు పూర్తయిందని, పెద్దాయన వచ్చి వెళ్ళేదాకా ఉంచమన్నారు.

పర్మనెంట్ కాగితం మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది, ఇంకోసారి అభిప్రాయం రాయమని. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. జరిగింది దాటేసి రాస్తే ఎందుకు దాటేశావని అడుగుతారేమో, అడిగితే నా సంచి దాకా వస్తుందేమో అని. చివరికి ఇలా రాశాను: "పని చాలా మంచిది. కాగితాల విషయంలో జాగ్రత్త తక్కువ." అది నా చేతిరాత. ఏ గుడ్డసంచిలోంచీ అది నాకు తిరిగి రాలేదు.

ఆయన పర్మనెంట్ కాలేదు. నల్లా, తలుపు మాట ఎత్తలేదు.

దసరా వెళ్ళాక బీమా కంపెనీ పెద్దాయన వచ్చాడు. ప్రోగ్రాం మింగిన ఏనుగు కథ ఎవరో చెప్పారు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఏనుగు మెడ మీద చెయ్యేసి ఫోటో దిగాడు. దాంతో ఏనుగుకు ముందు గదిలో శాశ్వతంగా చోటు దొరికింది. పక్కన అచ్చువేసిన కార్డు పెట్టారు: "మా ప్రోగ్రాంను మింగిన ఏనుగు." చేసినాయన పేరు అందులో లేదు. ఆయన అడగలేదు, మాకెవరికీ తట్టలేదు.

రెండువేలు వచ్చింది, ఏమీ కాలేదు, మా పని అయిపోయింది. కాంట్రాక్టు వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు ఆయన తన మానిటర్‌ను కణుపుతో కొట్టి, చెవి ఆనించి విని, "ఆరింది తమ్మీ. ఇగ పోయొస్త" అన్నాడు. అమీర్‌పేటలో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాడని తర్వాత విన్నాను.

మళ్ళీ ఆయన్ని చూసింది పన్నెండేళ్ళకు, మాదాపూర్‌లోనే, ఒక ఆదివారం చేతిపనుల సంతలో. చాప మీద కూర్చుని పదిమంది చిన్నపిల్లల చేత న్యూస్‌పేపర్ చింపిస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. "చదివి చింపాలె బిడ్డా, చదివి" అంటున్నాడు. మెంతుల వాసన పది అడుగుల దూరానికే తగిలింది.

"గుర్తుపట్టారా అండి?"

"నెమలి తమ్మివి గద. కూసో."

కూర్చున్నాను. చుట్టూ తిప్పి చెప్పే ధైర్యం కూడా లేక మొత్తం ఒక్కసారే చెప్పేశాను. సంచి, రెండు కట్టలు, ఓనరమ్మ. ఆయన చేతులు ఆగలేదు. గుజ్జును ఒక గిన్నె మీద అద్దుతూనే ఉన్నాడు.

"ఆ శుక్రారం నీ సంచిల రెండు కట్టలు చూసిన తమ్మీ."

"మరి ఆ రోజు మేనేజర్‌కు ఎందుకు చెప్పలేదండి?"

"నువ్వు చెప్తవనుకున్న."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే కష్టంగా ఉంది. ఆయనే మళ్ళీ అన్నాడు: "అప్పటిదాంక మేనేజర్ సారు మంది మీద అరవకుండ ఏదో ఒకటి అనాలె గద. రెండు మూడు రోజులు చూసిన, చెప్తవేమోనని. ఇగ తర్వాత పనిల పడితిమి."

"మీ పర్మనెంటు..."

"అయితే మెట్ల కింద ఒక నల్లా. ఇప్పుడు చూడు, రెండు నల్లాలున్నయి." నిజంగానే చాప పక్కన రెండు కుళాయిలున్నాయి. వాటిని చూపించి తృప్తిగా నవ్వాడు. "కాగితమే, అసొంటిది మళ్ళ దొరకలే. పేపర్ గుజ్జు నల్లగైతది. ఇంతకూ ఆ కట్ట ఏమైందంటివి?"

"సగం నీళ్ళ పొయ్యిలోకి పోయిందండి. సగం వంటింటి అరలకు."

"అంచులు కత్తిరించిందా?"

"కత్తిరించింది."

"సూదిగనా, గుండ్రంగనా?"

"సూదిగానే."

"మధ్యల బొక్కలు పెట్టిందా?"

"లేదనుకుంటా అండి."

"మడిచి కత్తిరిస్తే పెట్టొచ్చు" అన్నాడు. అక్కడితో ఆ కట్ట సంగతి ఆయనకు ముగిసిపోయింది. ఎటుపోయిందో తెలిసింది, ఒక ఆడమనిషి దాంతో ఏదో చేసుకుంది, చాలు.

"ఇప్పుడైనా అందరికీ చెప్పేస్తానండి" అన్నాను.

ఆయన మొదటిసారి చేతులు ఆపాడు. "ఏనుగు ఇంక ఉన్నదా?"

"ఉందండి. ఆఫీసు నానక్‌రామ్‌గూడకు మారినప్పుడు వెంట తీసుకెళ్ళారు. ముందు గదిలోనే ఉంది."

"మరింకేంది? ప్రోగ్రాం మింగిందని తీస్కపోయిన్రు. వట్టి ఏనుగైతే మెట్ల కిందనే వదిలేద్దురు. దాని దగ్గర మనిషి ఆగాలంటే ఏదన్న ఒకటుండాలె గద. ఉండనీ తమ్మీ. చెప్పకు."

ఆ "చెప్పకు" నాకు ఎంత హాయినిచ్చిందో దాచను. ఆయన అడిగింది ఏనుగు కోసం. నేను పుచ్చుకున్నది నాకోసం. ఇంకో పన్నెండేళ్ళు దాని నీడలో చల్లగా గడిపేశాను.

ఆయన పోయిన కబురు చదివాక మూడు రోజులు ఆగి నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. వేణువు ఊదిన నెల్లూరు స్నేహితుడే ఇప్పుడక్కడ పెద్ద. ముందు గదిలో ఏనుగు అలాగే ఉంది. రంగు కాస్త వెలిసింది. తోక కొసన రంధ్రాల పట్టీ ఒకటి ఊడి వేలాడుతోంది. అక్కడే నిలబెట్టి అతనికి మొత్తం చెప్పాను.

"ఒరే, ఆ జోకు వేసింది నేనురా" అన్నాడు. "ఇరవై అయిదేళ్ళుగా ప్రతి పార్టీలో చెప్తున్నాను."

"తెలుసు. ప్రతిసారీ నేను నవ్వాను."

"నీకు నోరెందుకు రాలేదురా?"

"ఉద్యోగం పోతుందని. ఆ తర్వాత అలవాటైపోయింది."

అతను కార్డు చేతిలోకి తీసుకుని తిప్పాడు. "ఇది తీసేస్తే దీన్ని ఇక్కడ ఉంచడం నా వల్ల కాదు. వచ్చే నెలలో ముందు గదంతా మారుస్తున్నారు. పాత సామాను ఎందుకని అడుగుతారు. కథ ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ ఆపాను."

"కథ తీసెయ్యడం లేదు. దిద్దుతున్నాను."

"రాసివ్వు, అచ్చు వేయిస్తాను."

"వద్దు. చేత్తోనే రాస్తాను."

రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని రాశాను. "ఈ ఏనుగు ఏ ప్రోగ్రాంనూ మింగలేదు. దీన్ని చేసినాయన చదవకుండా ఒక్క కాగితమైనా నానబెట్టలేదు. ఆ ప్రోగ్రాం కాగితాలను గేటు దాటించి పోగొట్టింది నేను. ఆ మాట ఆయన మీదికి పోతుంటే చూస్తూ ఊరుకున్నాను." కింద నా పేరు, సంతకం. స్నేహితుడు రెండుసార్లు చదివాడు. "నీ పేరు పెద్దగా ఉంది, ఆయనది లేదేం?" అన్నాడు. నిజమే. ఈసారి కూడా మర్చిపోబోయాను. పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, ఆయన పూర్తి పేరు రాశాను.

వచ్చేముందు ఏనుగు కడుపు మీద వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాను. ఎండు సొరకాయ బుర్రలా మోగింది. ఆ పొర వేసిన రోజు మేమంతా దాని చుట్టూ నిలబడి ఉన్నాం. ఇప్పుడు బాగా ఆరింది.

ఆయన పేరు ఇక్కడ మాత్రం రాయడం లేదు, కావాలనే. దాని దగ్గర మనిషి ఆగాలంటే ఏదన్నా ఒకటుండాలన్నాడు కదా. తెలుసుకోవాలనుకున్నవాళ్ళు నానక్‌రామ్‌గూడ వెళ్ళండి. ఏనుగున్న ఆఫీసంటే షేర్ ఆటోవాళ్ళే దింపుతారు. లోపలికెళ్ళి, దాని ముందు ఆగి, చదవండి.